మంచు మాట తప్పిన కాలంలో స్కీ పందేలు

పొడవైన, సన్నని పలకలను కాళ్లకు బిగించుకొని, మంచు కప్పిన కొండవాలు మీదుగా జారుతూ దిగే క్రీడను స్కీయింగ్ అంటారు. అలా దిగడానికి పట్టిన సమయాన్ని సెకనులో నూరో వంతు దాకా లెక్కగట్టి విజేతను తేల్చేది స్కీ పందెం. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే నంద్యాలలోనో, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో నల్లమల కొండలకు దగ్గరగా ఉన్న ఆళ్లగడ్డలోనో పెరిగిన విద్యార్థికి ఈ క్రీడ టెలివిజన్‌లో కనిపించే దృశ్యమే తప్ప అనుభవంలోకి వచ్చే విషయం కాదు. అయినా మన దేశంలోనే కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ పిల్లలు ఏటా ఈ పందేలకు సిద్ధమవుతున్నారు. వారి శిక్షణ కాలం ఇటీవలి సంవత్సరాలలో వాతావరణం చేతిలో ముక్కలు ముక్కలవుతోంది. ఆ తీరును పరిశీలిస్తే, ఆటగాడి ఎదుగుదలలో ప్రతిభ, శ్రమలతో పాటు రుతువు మీద భరోసాకు కూడా ఎంత పాత్ర ఉందో, ఆ భరోసా సడలినప్పుడు సంస్థలు ఏ బాధ్యత తలకెత్తుకోవాలో స్పష్టమవుతుంది.

పందెం స్వరూపం

కొండవాలు మీద జరిగే పందేలను ఆల్పైన్ పందేలని వ్యవహరిస్తారు. వీటిలో ప్రధానమైనవి నాలుగు. తక్కువ దూరంలో దగ్గర దగ్గరగా నాటిన స్తంభాల మధ్య చకచకా మలుపులు తిరుగుతూ దిగేది స్లాలమ్. స్తంభాల మధ్య ఎడం పెరిగి, మలుపులు విశాలమై, వేగం హెచ్చేది జెయింట్ స్లాలమ్. అంతకన్నా వేగవంతమైనది సూపర్ జెయింట్ స్లాలమ్. మలుపులు అతి తక్కువగా ఉండి, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో సాగేది డౌన్‌హిల్. దారిని సూచించే స్తంభాలను గేట్లంటారు. ఇవి సాధారణంగా ఎరుపు, నీలం రంగులలో ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. పోటీదారు రెండు పాదాలూ, రెండు స్కీల కొనలూ ప్రతి గేటు గీతనూ దాటవలసిందే. ఒక్క గేటు తప్పినా ఆ పరుగు చెల్లదు.

స్లాలమ్, జెయింట్ స్లాలమ్ పందేలలో ప్రతి పోటీదారూ రెండుసార్లు దిగుతారు, రెండు సమయాలనూ కలిపి ఫలితం తేలుస్తారు. పందేనికి ముందు ఆ దారిలో సాధన చేయడానికి అనుమతి ఉండదు. గేట్ల పక్కగా మెల్లగా జారుతూ దారిని పరిశీలించి, ఎక్కడ వాలు నిటారుగా ఉందో, ఎక్కడ మలుపు ముందే మొదలుపెట్టాలో మనసులో నమోదు చేసుకోవాలి. ముందుగా దిగినవారికి గట్టి, శుభ్రమైన మంచు దొరుకుతుంది. తరువాతివారు ముందటి స్కీలు కోసిన చాళ్లలో దిగవలసి వస్తుంది. మెత్తటి మంచులో ఈ చాళ్లు త్వరగా లోతెక్కుతాయి కాబట్టి, వాతావరణం వేడెక్కిన రోజున వెనుక వరుసలోని పిల్లల అవకాశాలు మొదటే సన్నగిల్లుతాయి. అగ్రశ్రేణి పోటీల రెండో పరుగులో మొదటి 30 మందిని వారి స్థానాలకు తలకిందుల క్రమంలో దింపడం వెనుక ఉన్న ఆలోచనలలో ఈ అసమానతను కొంతైనా తగ్గించడం ఒకటి.

వాతావరణానికీ పరికరానికీ ఉన్న సంబంధం స్కీని సిద్ధం చేసే బల్ల దగ్గర ఇంకా బాగా అర్థమవుతుంది. స్కీ అడుగున రెండు అంచుల వెంట ఉక్కు పట్టీ ఉంటుంది. ఆకురాయితో దానిని లంబకోణం కన్నా రెండు మూడు డిగ్రీలు తగ్గేలా పదును పెడతారు. గట్టి మంచును కోసి పట్టు సాధించేది ఆ అంచే. అడుగుభాగానికి ఇస్త్రీపెట్టె లాంటి పరికరంతో మైనం కరిగించి పూసి, చల్లారాక గీకి, కుంచెతో రుద్ది నునుపు చేస్తారు. కొరికే చలికి గట్టి మైనం, తడి మంచుకు మెత్తటి మైనం వాడతారు. రాత్రి ఎంచుకున్న మైనం తెల్లవారేసరికి వాతావరణం మారితే పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, శిక్షకుడు ముందురోజు సాయంత్రమే వాతావరణ సూచననూ మంచు ఉష్ణోగ్రతనూ చూసి నిర్ణయం తీసుకుంటాడు. పర్యావరణానికీ ఆరోగ్యానికీ హాని చేసే ఫ్లోరిన్ కలిసిన మైనాలను అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి నిషేధించింది.

పిల్లల సీజన్ సాగే క్రమం

ఆల్ప్స్ పర్వతదేశాలలో ఈ క్రీడకు పునాది ఊరి క్లబ్బే. పిల్లలు చిన్నప్పుడే అందులో చేరి, అండర్-14, అండర్-16 వంటి వయోవర్గాలలో పోటీపడి, 16 ఏళ్ల వయసులో అంతర్జాతీయ సమాఖ్య పందేలకు అర్హులవుతారు. మన దేశంలో ఈ సంప్రదాయానికి మొదటి అడుగు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో పడింది. అక్కడ 1927లో బ్రిటిష్‌వారు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. స్వాతంత్ర్యానంతరం సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్, తరువాత కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ గుల్మార్గ్‌ను శిక్షణ కేంద్రంగా నిలబెట్టాయి.

మంచు పడక ముందే సీజన్ మొదలవుతుంది. శరదృతువులో పిల్లలు నేల మీద పరుగు, గెంతులు, ఒంటికాలి సమతుల్యం, నడుము, తొడల బలం పెంచే కసరత్తులు చేస్తారు. దీనినే పొడినేల శిక్షణ అంటారు. మంచు పడ్డాక మొదటి వారాలలో గేట్లు ఉండవు. ఒక స్కీ మీద జారడం, బరువును బయటి కాలి మీదికి మార్చడం వంటి మూలపాఠాలే ఉంటాయి. ఆ తరువాతే గేట్ల సాధన, దాని తరువాత పందేలు. మంచు మూడు వారాలు ఆలస్యమైతే పందెం తేదీ అందుకు తగినంత వెనక్కి జరగదు. కాబట్టి మొదట తెగిపడేది ఆ మూలపాఠాల భాగమే. పునాది సరిగా పడని పిల్లవాణ్ని నేరుగా గేట్ల మధ్యకు దింపితే వేగం తగ్గడంతో పాటు మోకాలి గాయాల ప్రమాదమూ పెరుగుతుంది. పందేల రద్దు వార్తలకెక్కుతుంది గానీ, పిల్లల సీజన్‌కు అసలు నష్టం ఎవరి కంటా పడని ఈ సాధన దినాలలోనే జరుగుతుంది.

మంచు చాలని రోజున నిర్వాహకుల ముందు కొన్ని మార్గాలుంటాయి. జెయింట్ స్లాలమ్‌కు బదులు తక్కువ వాలుతో సరిపోయే స్లాలమ్‌ను నిర్వహించవచ్చు. ప్రారంభ స్థానాన్ని కిందికి దించి దారిని కుదించవచ్చు. మంచు గట్టిగా ఉండే తెల్లవారుజామునే పందేన్ని ముగించవచ్చు. మెత్తబడిన మంచు మీద ఉప్పు చల్లే పద్ధతి కూడా ఉంది. ఉప్పు తగిలిన పై పొర కరుగుతూ, కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న తడి నుంచి లాగేసుకుంటుంది. ఆ తడి గడ్డకట్టి దారి కొంతసేపు బిగుసుకుంటుంది. ఇవన్నీ గండం గడిపే ఉపాయాలే గాని, పడని మంచుకు బదులు కాలేవు.

మంచు వచ్చే దారి

హిమాలయాల పశ్చిమ భాగంలో శీతకాలపు మంచుకు ప్రధాన కారణం పశ్చిమ అవాంతరాలు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన అల్పపీడన వ్యవస్థలు, ఎత్తున వీచే పశ్చిమ గాలుల వెంట ఇరాన్, అఫ్ఘానిస్థాన్‌ల మీదుగా వచ్చి కశ్మీర్ పర్వతాలకు తగిలి మంచు కురిపిస్తాయి. నంద్యాల సీమ రైతు కార్తెలతో వానను లెక్కించినట్టే కశ్మీరీలు చలిని భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్ అతి కఠినమైన భాగం. దాని తరువాత 20 రోజుల చిల్లై ఖుర్ద్, 10 రోజుల చిల్లై బచ్చా వస్తాయి. చిల్లై కలాన్‌లో పడిన మంచు చలికి గట్టిపడి నిలుస్తుంది. ఫిబ్రవరి చివర పడినది ఎంత ఎక్కువైనా ఎండకు త్వరగా కరుగుతుంది. అందువల్ల మొత్తం మంచు ఎంత పడిందన్న దానితో పాటు ఎప్పుడు పడిందన్నదీ పందేలకు ముఖ్యమే.

ఈ క్రమం తప్పుతోందనడానికి ఇటీవలి ఉదాహరణలు చాలు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో జరగవలసిన జాతీయ పోటీలు మంచు లేక రద్దయ్యాయి. 2024 జనవరిలో పశ్చిమ అవాంతరాలు బలహీనపడటంతో సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్ నెలలో అధిక భాగం గోధుమరంగు గడ్డితోనే మిగిలింది. నెలాఖరున మంచు పడి, ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరగగలిగాయి. 2025లో ఆ అదృష్టం కూడా దక్కలేదు. ఫిబ్రవరి 22న గుల్మార్గ్‌లో మొదలు కావలసిన ఖేలో ఇండియా పోటీలు మంచు చాలక వాయిదా పడ్డాయి. ఆ తరువాత భారీగా మంచు కురవడంతో మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి.

కరువు తరువాత వచ్చే అతివృష్టి కూడా క్షేమకరం కాదు. పాత, బలహీనమైన పొర మీద కొత్త మంచు ఒక్కసారిగా బరువుగా పడితే పై పొర జారి హిమపాతంగా విరుచుకుపడుతుంది. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా క్రీడలు సాగుతున్న రోజులలోనే, పోటీ మైదానానికి వెలుపలి వాలులో హిమపాతం కింద పడి ఒక రష్యన్ స్కీయర్ మరణించాడు. ఇదే విపరీతం ఐరోపాలోనూ కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ నుంచి ఇటలీలోని చెర్వీనియాకు సరిహద్దు దాటి దిగేలా రూపొందించిన ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందేలన్నీ 2022లో మంచు చాలక రద్దు కాగా, 2023లో విపరీతమైన మంచు, ఈదురుగాలుల వల్ల రద్దయ్యాయి. ఒకే చోట ఒక ఏడు లేమి, మరుసటి ఏడు అతి. నేటి శీతకాలపు అస్థిరతను ఇంతకన్నా సూటిగా చూపే ఉదాహరణ అరుదు.

యంత్రం చేసే మంచు, దాని హద్దులు

సహజమైన మంచు లేని చోట కృత్రిమ మంచును తయారుచేస్తారు. ఒత్తిడితో పంపిన నీటిని సన్నని తుంపరలుగా చిమ్మితే, ఆ తుంపరలు గాలిలోనే గడ్డకట్టి వాలు మీద పడతాయి. ఇందుకు గాలి ఎంత చల్లగా ఉందన్నదే కాక ఎంత పొడిగా ఉందన్నదీ చూడాలి. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 2.5 డిగ్రీలకు దిగితే తయారీ సాధ్యమవుతుంది. గాలి పొడిగా ఉంటే సున్నాకు దగ్గరలో కూడా యంత్రం పనిచేస్తుంది. తేమగా ఉంటే అంతకన్నా ఎక్కువ చలి కావాలి. అంటే ఈ యంత్రం మంచు కురవని కొరతను తీరుస్తుంది గాని చలి లేని కొరతను తీర్చలేదు. పైగా దానికి నిల్వ నీరు, విద్యుత్తు, మరమ్మతులకు శిక్షణ పొందిన సిబ్బంది నిరంతరం కావాలి. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలకు వేదికైన ఔలీలో ఇలాంటి యంత్రాలను ఏర్పాటు చేసినా, 2023లో పోటీలు రద్దు కాక తప్పలేదన్నది గమనార్హం.

భారత స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ప్రస్థానంలో ఈ అంశాలన్నీ ఒకచోట కలుస్తాయి. గుల్మార్గ్ సమీపంలోని తంగ్‌మార్గ్ ప్రాంతానికి చెందిన ఆరిఫ్ నాలుగేళ్ల వయసులో, స్కీ పరికరాల దుకాణం నడిపే తండ్రి చలవతో ఈ క్రీడలోకి వచ్చి, 2011 దక్షిణాసియా క్రీడలలో స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు అతడు స్లాలమ్ అర్హత సాధించింది ఎడారి నగరమైన దుబాయ్‌లో, కప్పు కింద చల్లబరచిన వాలు మీద; జెయింట్ స్లాలమ్ అర్హత మాంటెనెగ్రోలో దక్కింది. బీజింగ్ పోటీలు దాదాపు పూర్తిగా కృత్రిమ మంచు మీద జరిగాయి. అయినా ఆరిఫ్ పాల్గొన్న జెయింట్ స్లాలమ్ రోజున అనుకోని భారీ హిమవర్షంతో ఎదురుగా ఉన్న గేటు కనిపించక ఎందరో దారి తప్పారు. ఆ పందేన్ని పూర్తిచేసి అతడు 45వ స్థానంలో నిలిచాడు. వాతావరణాన్ని యంత్రంతో పూర్తిగా లోబరచుకోవడం అతి సంపన్న నిర్వాహకులకు కూడా సాధ్యం కాలేదని ఆ రోజు రుజువైంది.

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి సమీపానికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలోని ఎర్జురుమ్‌లో స్లాలమ్‌లో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీలో పతకం తెచ్చిన తొలి భారతీయురాలిగా గుర్తింపు పొందింది. ఆరిఫ్, ఆంచల్ ఇద్దరూ మంచు కురిసే ఊళ్లలో పుట్టినవారే. అయినా వారి నిర్ణాయక ఫలితాలు విదేశీ వాలుల మీదే వచ్చాయి. విదేశంలో సాధన చేసే స్తోమత లేని గ్రామీణ బాలుడికి సొంత కొండ మీది కొద్ది వారాలే దిక్కు. ఆ వారాలు తరిగిపోవడం పేద, సంపన్న క్రీడాకారుల మధ్య దూరాన్ని ఇంకా పెంచుతుంది.

మంచు లేని నేల నుంచి

మంచు క్రీడలు మంచు ప్రాంతాల సొత్తు మాత్రమే కావనడానికి దక్షిణాదిలోనే నిదర్శనాలున్నాయి. కాఫీ తోటల సీమ అయిన కర్ణాటకలోని కొడగుకు చెందిన భవాని తెక్కడ నంజుండ, ఎన్‌సీసీ, పర్వతారోహణ శిక్షణల ద్వారా మంచుకు పరిచయమై, సమతల, మిట్టపల్లాల దారిలో సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో ఖేలో ఇండియా శీతకాల క్రీడల స్వర్ణాలు సాధించింది. తెలంగాణకు చెందిన తాళ్లూరి నయనశ్రీ 2025లో లద్దాఖ్‌లోని లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా పోటీలలో ఐస్ స్కేటింగ్‌లో బంగారు పతకం అందుకుంది. చక్రాల స్కేట్ల మీద నేర్చుకున్న సమతుల్యం మంచుగడ్డ మీద స్కేటింగ్‌కు మంచి పునాది కాబట్టి, మంచు లేని నగరాల పిల్లలు ఈ దారిలో రాగలుగుతున్నారు.

అంతకు ముందే తెలుగు నేల ఇంకా పెద్ద నిదర్శనం చూపింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. వారిని భువనగిరి కోట రాతిబండ మీద ఎక్కించి, డార్జిలింగ్‌లో పర్వతారోహణ నేర్పించి, లద్దాఖ్ చలికి అలవాటు చేయించింది గురుకుల వ్యవస్థ. ఎండనేలలో పుట్టిన పిల్లలను మంచు దాకా నడిపించింది ఈ మెట్ల వరుసే. స్కీ పందేలలో కూడా పిల్లలకు కావలసింది ఇదే.

ఇలాంటి ఏర్పాటు సహజ రుతువు మీద పూర్తిగా ఆధారపడకూడదు. 1920లో మొదలైన సిమ్లా ఐస్ స్కేటింగ్ రింక్ రాత్రి చలికి గడ్డకట్టే నీటి మీదే నడుస్తూ వచ్చింది; శీతకాలాలు వేడెక్కే కొద్దీ అక్కడ స్కేటింగ్ సాగే రోజులు తగ్గుతున్నాయి. దీనికి భిన్నంగా, 2011 క్రీడల కోసం డెహ్రాడూన్‌లో నిర్మించి ఏళ్ల తరబడి మూతపెట్టిన కప్పు కింది మంచు మైదానం 2025లో తిరిగి తెరుచుకోవడంతో, ఆ ఆగస్టులోనే అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీలు జరిగాయి. కట్టిన సదుపాయాన్ని నడిపిస్తేనే అది సీజన్‌గా మారుతుందన్నది ఈ రెండింటినీ పోల్చిన వారెవరికైనా తేలే పాఠం.

చేయవలసినవి

పోటీ క్యాలెండర్‌ను ఒకే తేదీకి కట్టివేయకుండా, ప్రత్యామ్నాయ వారాన్నీ, మరింత ఎత్తయిన ప్రత్యామ్నాయ వాలునూ ముందే ప్రకటించాలి. 2025 గుల్మార్గ్ వాయిదా ఈ అవసరాన్ని చాటింది. పిల్లల వర్గాలలో పందేల సంఖ్య తగ్గినా సాధన దినాలు తగ్గకుండా చూడాలి. మంచు యంత్రాలను కొనడంతో సరిపెట్టక వాటి నీటికీ, విద్యుత్తుకూ, సిబ్బందికీ ఏటేటా కేటాయింపు ఉండాలి. హిమపాత హెచ్చరికలను క్రీడా నిర్వహణలో విడదీయరాని భాగం చేయాలి.

నంద్యాల, ఆళ్లగడ్డల వంటి పట్టణాలలో స్కీ వాలు కట్టమని ఎవరూ అడగనక్కరలేదు. పొడినేల శిక్షణకు మాత్రం మంచు అక్కరలేదు. తెల్లవారుజామున మైదానంలో పరుగు, సమతుల్య కసరత్తులు, చక్రాల స్కేటింగ్‌కు ఒక నునుపైన సిమెంటు గచ్చు, శిక్షకుడు ఉంటే చాలు. పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు, ఎన్‌సీసీ అధికారులు శ్రద్ధ గల పిల్లలను గుర్తించి, గుల్మార్గ్, మనాలి శిక్షణ సంస్థలు నడిపే సుమారు రెండు వారాల ప్రాథమిక స్కీ కోర్సులకు పంపవచ్చు. ప్రయాణ ఖర్చును జిల్లా క్రీడా నిధి నుంచో దాతల నుంచో సమకూర్చడం అసాధ్యమైన పని కాదు. పుట్టిన ఊరి వాతావరణం పిల్లల ప్రతిభకు హద్దు కాదని పాకాల, కొడగు ఇప్పటికే నిరూపించాయి. మంచు కురవడం మనిషి చేతిలో లేదు, శిక్షణ ఆగకుండా చూడటం మాత్రం పూర్తిగా పెద్దల చేతిలో ఉంది; ఆ బాధ్యతను ఈ శీతకాలం నుంచే స్వీకరించడం అవసరం.